గుంపులో ఐదోది

జమ్మలమడుగు,
అక్టోబరు 1989.

వనజా,

నీ ఉత్తరం, దాంతోపాటు మీ అబ్జర్వేటరీ నుంచి పంపిన గెలాక్సీ ఫొటో చేరాయి. ఫొటోను ఎనిమిదో తరగతి గోడకు అంటించాను. "టీచర్, ఇది జిలేబీనా?" అని అడిగారు పిల్లలు. కాదు, మన సూర్యుడి వంటివి వేల కోట్లు ఒకచోట చేరి సుడి తిరుగుతున్నాయని చెప్పాను. "వేల కోట్ల సూర్యుళ్లా! ఆడ ఎండ ఎట్లుంటాదో!" అంది ఒక పిల్ల. జమ్మలమడుగు పిల్ల కదా, ముందు గుర్తొచ్చేది ఎండే. ఆ పెద్ద గెలాక్సీ పక్కన నాలుగు చిన్న మచ్చలున్నాయి. అవేమిటని అడిగితే నాకూ తెలియలేదు. రాయి.

ఇక అసలు సంగతి. మా ఆయనకు ఎన్నికల డ్యూటీ పడింది. ప్రిసైడింగ్ ఆఫీసరు. బూత్ ఎక్కడో తెలుసా? తొండూరు దగ్గర మీ పల్లె, మీ ఊరి బడి. ఆర్డరు చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ప్రొద్దుటూరు హాస్టల్లో మనం ఒకే గదిలో ఉన్నన్నాళ్లూ మీ ఊరి గొడవల గురించి నువ్వు ఒక్క మాట చెప్పలేదు. అన్నీ పేపర్లో చదివే తెలుసుకున్నాను. డ్యూటీ మార్పించుకోండని సుందరాన్ని బతిమాలాను. "నా బదులు ఇంకో పంతులు పోవాల్సిందే గదా మేరీ. ఆయనకు మాత్రం పెండ్లాం బిడ్డలు ల్యారా?" అన్నారు.

మీ అన్న ఓబులేసు ఆ ఊరి పెద్దాయన దగ్గర జీపు నడుపుతాడు కదా. మీ అన్నకు ఒక్క మాట రాయి. సుందరం నా భర్త అని, కాస్త కనిపెట్టుకుని ఉండమని. అంతకంటే ఏమీ అడగను. మా ప్రార్థనల్లో నువ్వు రోజూ ఉంటావు.

నీ
మేరీ

*

జవ్వాది కొండలు,
నవంబరు 1989.

మేరీ,

నీ ఉత్తరం అందిన రోజే అన్నకు రాశాను. సుందరం గారి పేరు రాసి, ఆయన నా మేరీ భర్త అని, ఆయన మీద చెయ్యి పడితే నా మీద పడినట్టేనని రాశాను. అన్న జవాబు రాసే మనిషి కాదు. కానీ చదువుతాడు.

హాస్టల్లో నీకు చెప్పలేదన్నావు. ఏం చెప్పమంటావు? మా నాన్న పెద్దాయన వర్గంలో తిరిగి తిరిగి, ఎదుటి వర్గం చేతిలో పోయాడు. కర్మకాండలు అయీ కాకముందే పెద్దాయన వచ్చి అన్న చేతిలో జీపు తాళం పెట్టాడు. "మీ నాయన స్థానం నీదేరా" అన్నాడు. ఊరంతా చూస్తుండగా అన్న ఆ తాళం తీసుకున్నాడు. నన్ను చదివించింది ఆ జీపు జీతమే. అందుకే దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. మెచ్చుకోవడానికి మనసు రాదు.

మీ పిల్లలు అడిగిన నాలుగు మచ్చలూ కూడా గెలాక్సీలే. సింహరాశి వైపున, పది కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చిన్న గుంపు అది. ఒకదాన్ని ఒకటి ఆకర్షించుకుంటూ, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, ఆ పెద్ద సర్పిలం, అదే సుడి తిరిగిన ఆ గెలాక్సీ, వాటిలోది కాదని ఇరవై ఏళ్ల కిందట ఎవరో కొలిచి చెప్పారు. అది మనకు చాలా దగ్గరగా ఉందని, దారిన పోయేది ఫొటోలో అడ్డం పడిందని వాళ్ల మాట. నాకు నమ్మకం కుదరడం లేదు. దాని ఒక చెయ్యి పక్కనున్న చిన్న గెలాక్సీ వైపు సాగి ఉంది చూడు. ఏ సంబంధమూ లేనిదైతే అట్లా ఎందుకు సాగుతుంది? దాని వెలుగును రంగులుగా విడదీసి నేనే మళ్లీ కొలవాలి. వెలుగులోని గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో చూస్తే అది ఎంత వేగంతో దూరమవుతోందో తెలుస్తుంది. వేగాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నాలుగింటికీ ఉన్న వేగమే దీనికీ ఉంటే అది ఆ గుంపుదే. నా పరిశోధన అంతా దీని మీదే నిలబడి ఉంది. ఇప్పుడైతే ఇక్కడ ఒకటే ముసురు. సంక్రాంతి దాటితే గాని ఆకాశం కనపడదు.

ఎన్నికలు అయిపోగానే క్షేమమని ఒక్క కార్డు ముక్క రాయి.

నీ
వనజ

*

జమ్మలమడుగు,
డిసెంబరు 1989.

వనజమ్మ గారికి,

పేపర్లో చూసే ఉంటారు. మీ ఊరి బూత్‌లో బాంబులు పడ్డాయి. ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లూ గోడ దూకారు. జీపులో మనుషులు వచ్చి బ్యాలెట్ పెట్టె ఎత్తుకుపోయారు. మా ఆయన ఏమయ్యారో రెండు రోజుల పాటు ఎవరికీ తెలియలేదు. ఆ రెండు రోజులు నేనెట్లా ఉన్నానో మీకు రాయను.

మూడో రోజు సిమెంటు లారీ ఒకటి మా సందు మొదట్లో ఆగింది. ఎర్రగుంట్లలో ఉండే ఫకీర్ సాహెబ్ అనే డ్రైవరు ఆయన్ను చెయ్యి పట్టి దించాడు. తలకు కట్టు. కడపలో కుట్లు వేయించి, తన ఇంట్లోనే పడుకోబెట్టుకుని తెచ్చాడట. ఎక్కడ దొరికారని అడిగితే, "దారిలో కనపడినాడమ్మా, అంతే" అన్నాడు. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మా ఆయన ఏమీ చెప్పడం లేదు. పోలీసులు అడిగినా, నేను అడిగినా, "గుర్తు లేదు" అంటారు. అబద్ధం ఆడడం ఆయనకు చేతకాదు. నా ముఖం చూడకుండా అంటారు.

ఊళ్లో మాత్రం అందరూ చెప్తున్నారు. ఆ జీపు నడిపింది మీ అన్న. ఆ రోజు నుంచి మీ అన్న కనపడడం లేదు. పోలీసులు ఆయన కోసం వెతుకుతున్నారు. బాంబు వేసింది కూడా ఆయనే అంటున్నారు. మీరు నిజంగానే ఆయనకు ఉత్తరం రాశారా?

మేరీ సుందరం

*

జవ్వాది కొండలు,
జనవరి 1990.

మేరీ,

నన్ను 'మీరు' అన్నావు. అనదగ్గ పరిస్థితే. రాశాను, నా మాట నమ్ము. ఇంతకంటే ఏం రాయాలో నాకు తోచడం లేదు.

సుందరం గారు కోలుకుంటున్నారా? అన్నం తింటున్నారా? ఎడమ చెవి పైన కుట్లు మానాయా? ఆ వైపు వినికిడి బాగానే ఉందా? దయచేసి ఇది మాత్రం తప్పకుండా రాయి.

ఇక్కడ మబ్బులు విడిపోయాయి. సర్పిలం మీద పని మొదలు పెట్టాను. దాని నడిబొడ్డుకు ఆనుకుని చుక్క ఒకటి ఉంది. అది మన గెలాక్సీలోని మామూలు నక్షత్రం, చూపుకు అడ్డంగా పడింది. పూర్వం కొలిచినవాళ్లు ఈ చుక్క వెలుగును గెలాక్సీ వెలుగే అనుకున్నారేమోనని నా అనుమానం. చుక్కను తప్పించి కొలవాలి.

వనజ

*

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 1990.

వనజా,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. 'తలకు కట్టు' అని మాత్రమే నేను రాశాను. ఎడమ చెవి పైన అని రాయలేదు. పేపర్లో రాలేదు, పోలీసుల కాగితాల్లోనూ లేదు. ఆ దెబ్బను చూసినవాళ్లు ఎవరో నీకు చెప్పి ఉండాలి. ఫకీర్ సాహెబ్‌కు నువ్వెవరో తెలియదు. మరి ఎవరు చెప్పారు?

మీ అన్న నీ దగ్గరున్నాడు. అవునా?

కోపం వచ్చింది. తర్వాత ఇంకోటి జరిగి ఆ కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. మొన్న ఆదివారం మేము చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి పెద్దాయన మనుషులు ముగ్గురు మా వరండాలో కూర్చుని ఉన్నారు. శానా మర్యాదగా మాట్లాడారు. "సార్, బాంబేసింది ఓబులేసే. అంత మాట చెప్పండి చాలు. మీ జోలికి ఎవురూ రారు" అన్నారు. మీ అన్న ఇన్నాళ్లూ వాళ్ల మనిషే కదా! సొంత మనిషిని వాళ్లే ఎందుకు పట్టిస్తున్నారు? మా ఆయన లేచి నిలబడి, "నాకేమీ గుర్తు ల్యాదప్పా" అన్నారు.

నువ్వేదో దాస్తున్నావు. ఆయనా దాస్తున్నారు. ఇద్దరూ ఒకే సంగతి దాస్తున్నారేమోనని అనిపిస్తోంది. నాకు చెప్పు. నేను విననిదేదీ లేదు, ఇక భయపడాల్సిందీ లేదు.

మేరీ

*

జవ్వాది కొండలు,
ఫిబ్రవరి 1990.

మేరీ,

అవును. అన్న నా దగ్గరే ఉన్నాడు.

ఎన్నికలైన మర్నాటి సాయంత్రం వచ్చాడు. వానలో తడిసి, చెప్పులు కూడా లేకుండా నా గది ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా మీద రక్తం చూసి నేను అరిచాను. "నాది కాదు పాపా, ఆ సారుది" అన్నాడు. అప్పుడు నాకు అన్న మీద ఎంత అసహ్యం వేసిందో, మేరీ! తర్వాత కూర్చోబెట్టి అడిగాను. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

"కాగితాలు ఇయ్యి సారూ అంటే ఇయ్యడే. పెట్టె మీద బోర్లా పండుకున్యాడు. మావోళ్లు బయట బాంబేసినారు. గోడ పెచ్చు లేచొచ్చి చెవి పైన తగిలినాది. పెట్టె గుంజుకోని అందరూ ఉరికినారు. వాళ్లకు పెట్టె కావల్ల, మనిషి కాదు. నేను వాకిలి దాటినోణ్ని ఎనక్కి సూసినా. నెత్తర కారిపోతాంది. ఈయన పేరు అడిగినా. సుందరం అన్యాడు. నువ్వు రాసిన జాబు గుర్తొచ్చి కాళ్లు కదల్లే."

"తర్వాత?"

"మొగానికి కట్టుకున్న తువ్వాలు ఇప్పి తలకు కట్టినా. జీపులో ఏసుకున్యా."

"పెద్దాయన జీపులోనా?"

"ఇంగ యా జీపుండాది పాపా నాకు?"

పెట్టె ఎత్తుకొచ్చినవాళ్లు జీపు కోసం ఊరి బయట చూస్తూ ఉండిపోయారు. అన్న ఎర్రగుంట్ల దారి పట్టాడు. ఎరిగున్న మనిషి ఫకీర్ సాహెబ్ లారీ ఎదురొస్తే ఆపి సుందరం గారిని అప్పగించాడు. జీపును స్టేషను దగ్గర వదిలేసి, తాళం అందులోనే పెట్టి రైలెక్కాడు. అన్న ఎదుటి వర్గానికి అమ్ముడుపోయాడని పెద్దాయన నమ్మకం. అందుకే ఇప్పుడు బాంబు నేరం అన్న మీదికి నెడుతున్నారు.

నేను నీకు ఎందుకు చెప్పలేదంటే, మా వదిన వెంకటరమణమ్మ, ఇద్దరు పిల్లలు, అమ్మ ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. "నేను తెచ్చినానని యాడా చెప్పొద్దు సార్, మా ఆడోళ్లను బతకనీయరు" అని అన్న జీపులో సుందరం గారి చెయ్యి పట్టుకుని అడిగాడట. సుందరం గారు ఆ మాట మీద ఉన్నారు. భార్యకు కూడా చెప్పకుండా, పోలీసులకు చెప్పకుండా, బెదిరింపులకు లొంగకుండా. అన్న రోజూ ఒకటే అడుగుతాడు: "ఆ సారు బాగున్యాడా?" ఆ చెవి సంగతి నాతో రాయించింది ఆయనే.

మొన్న పగలు ఆఫీసులో గెలాక్సీల ఫొటో పలకను వెలుగు బల్ల మీద పెట్టి అన్నకు చూపించాను. గుంపు సంగతి చెప్పాను. చాలాసేపు చూశాడు. "ఈట్లో ఏదన్నా గుంపు ఇడిసిపెట్టి పోగలదా?" అని అడిగాడు. వేగం చాలితే పోగలదు, చాలకపోతే మిగతావి లాగేసుకుంటాయని చెప్పాను. "పోనీలే. దానికి పెండ్లాం బిడ్డలు ల్యారు గదా" అని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

మేరీ, ఇది చదివాక నువ్వు నన్ను క్షమించకపోయినా సరే. వదినను, పిల్లలను ఆ ఊరి నుంచి తప్పించగలవా? నేను వస్తే గుర్తుపడతారు. నాకు అక్కడ నువ్వు తప్ప ఎవరూ లేరు.

వనజ

*

జమ్మలమడుగు,
మార్చి 1990.

నా వనజా,

ముందు ఇది చదువు: అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఈ ఉత్తరం కంటే వాళ్లే ముందు చేరుతారు. అయినా రాయకుండా ఉండలేను.

నీ ఉత్తరాన్ని సుందరానికి చదివి వినిపించాను. అన్న మాటలు వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని ముఖం చేతుల్లో దాచుకున్నారు. "బతికుండాడా?" అన్నారు. అంతే. ఇన్నాళ్లూ ఆయన్ను తినేసింది దెబ్బ కాదు, భయం కాదు. ఆ మనిషిని తన కోసం ఎక్కడో చంపేసి ఉంటారన్న దిగులు. ఆ తర్వాత ఇక మాటలే మాటలు. జీపులో మీ అన్న దారి పొడవునా "నిద్రపోవాకు సారూ, ఏదన్నా మాట్లాడు" అంటూ ఉంటే, ఈయన ఎక్కాలు అప్పజెప్పారట! పదహారో ఎక్కం దగ్గర తప్పారట. నవ్వారు, వనజా. ఈ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో.

మర్నాడే ఎర్రగుంట్లకు వెళ్లి ఫకీర్ సాహెబ్‌ను కలిశాను. ఆయన భార్య బిస్మిల్లా బీ ఊరూరా తిరిగి గాజులు అమ్ముతుంది. "గాజులోళ్లను ఎవురు ఆపుతారమ్మా" అని తనే మీ ఊరికి బయలుదేరింది. మీ అరుగు మీద పెద్దాయన మనుషులు రోజూ కాపలా ఉంటున్నారట. బిస్మిల్లా బీ లోపల కూర్చుని మీ వదినకు గాజులు తొడుగుతూ చెవిలో చెప్పి వచ్చింది: శుక్రవారం పిల్లవాడికి జ్వరమని పులివెందుల ఆస్పత్రికి రావాలని.

శుక్రవారం పులివెందుల బస్టాండులో నేను నిలబడ్డాను. బస్సు వచ్చింది. వాళ్లు లేరు. ఇంకోటి వచ్చింది. అందులోనూ లేరు. మూడో బస్సులోంచి మీ వదిన దిగింది. చంకలో చిన్నవాడు, చెయ్యి పట్టుకుని పాప, ఒక్క చేతి సంచి. కాపలా వాళ్లు ఒకణ్ని తోడు పంపుతామన్నారట. మీ అమ్మ మునెమ్మ గారు వాకిట్లో నిలబడి, "బిడ్డకు పెద్దమ్మవారు పోసినాదేమో, ఎవురొస్తారో రాండి, మీకూ అంటుకుంటాది" అన్నారట. కాపలా వాళ్లు ముగ్గురూ నాలుగడుగులు వెనక్కి వేశారట! ఆమెనూ రమ్మంటే, "బర్రెలను ఇడిసి నేను యాడికీ రాను. నన్నేం పీక్కుంటారు?" అన్నారట. వనజా, మీ అమ్మకు నా నమస్కారాలు.

ఫకీర్ సాహెబ్ లారీ ఎక్కించి ఎర్రగుంట్ల తెచ్చాడు. రైలు కదిలేదాకా మీ వదిన నా చెయ్యి వదలలేదు. "అక్కా, మీ ఇంటాయనకు దెబ్బ తగిలించినోళ్ల మనుషులం మేం" అంది. "కాదు, బతికించినోళ్ల మనుషులు" అన్నాను.

రైలు వెళ్లాక సుందరం నేరుగా కోర్టుకు వెళ్లి మేజిస్ట్రేటు ముందు చెప్పారు. "అందరూ ముఖాలకు తువ్వాళ్లు కట్టుకున్నారు. నేను చూసిన ముఖం ఒక్కటే. నా తలకు కట్టడానికి తువ్వాలు విప్పిన మనిషిది." ఫకీర్ సాహెబ్ కూడా వచ్చి లారీ సంగతి చెప్పాడు.

నిన్ను 'మీరు' అన్నందుకు నువ్వే నన్ను క్షమించాలి.

నీ
మేరీ

*

జవ్వాది కొండలు,
ఏప్రిల్ 1990.

మేరీ, నా బంగారూ,

వాళ్లు చేరారు. అన్న పక్క తోటలో ట్రాక్టరు నడుపుతున్నాడు. పాప దూరం నుంచే "నాయనా!" అని అరిచింది. ఆయన ట్రాక్టరు ఆపకుండానే దూకేశాడు. అది తనంతట తాను పోయి కంచెకు గుద్దుకుంది. తోట యజమాని తిడుతూ వచ్చి, పిల్లల్ని చూసి ఊరుకున్నాడు.

ఇంకో మాట. సర్పిలం లెక్క తేలింది. చుక్కను తప్పించి రెండు సార్లు కొలిచాను. దాని వేగమూ మిగతా నాలుగింటి వేగమూ దగ్గర దగ్గరే. అది దారిన పోయేది కాదు, ఆ గుంపులోదే. ఐదోది. మా ప్రొఫెసరు గారు గీతలన్నీ మళ్లీ తనే కొలిచి, కళ్లద్దాలు తీసి, "రాసెయ్యమ్మా" అన్నారు. నేను గదికి వచ్చి వదినను పట్టుకుని ఏడిస్తే, ఏదో చెడ్డ కబురు అనుకుని తనూ ఏడ్చింది. సంగతి చెప్పాక, "ఓస్, దీనికా!" అని కన్నీళ్లు తుడుచుకుంది.

సుందరం గారు కోర్టులో చెప్పింది అన్నకు చెప్పాను. "నాకోసరం ఆ సారు బయటికొచ్చినాడు. నేనీడ దాంకోనుంటే ఎట్ల?" అన్నాడు. లొంగిపోతానంటున్నాడు. నాకు భయంగా ఉంది. కానీ ఆయన్ను ఆపను. అక్కడ మంచి వకీలును చూడు.

నీ
వనజ

*

జమ్మలమడుగు,
ఆగస్టు 1990.

వనజా,

ఇందాకే కోర్టు నుంచి వచ్చాం. సుందరం, ఫకీర్ సాహెబ్ చెప్పిన సాక్ష్యం చూసి నిందితుల్లోంచి మీ అన్న పేరు తీసేశారు! ఉరుకులు పరుగుల మీద రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

లొంగిపోయి బెయిలు మీద బయటికి వచ్చాక ఓబులేసన్న ప్రొద్దుటూరులో వకీలు గారి కారు షెడ్డులోనే ఉన్నాడు. ఎవరు ఎప్పుడు ఏం చేస్తారోనని మాకు భయం. కానీ జరిగింది వేరు. పోయిన నెల పెద్దాయన పార్టీ మారాడు. ఎదుటి వర్గం నాయకుడిదీ అదే పార్టీ. ఇద్దరూ ఒకే జీపులో జమ్మలమడుగులో ఊరేగారు. మీ నాన్న ఎవరి కోసం పోయాడో, మా ఆయన తల ఎవరి కోసం పగిలిందో ఇప్పుడు వాళ్లకే గుర్తు లేదు. మీ అన్న మీద కక్ష తీర్చుకోవడం కూడా ఎవరికీ అవసరం లేకపోయింది. దీనికి సంతోషించాలా, ఉమ్మేయాలా తెలియదు. ఇవాళ్టికి సంతోషిస్తున్నాను. బాంబు వేసినవాళ్లు ఎవరో ఇంకా తేలలేదు. సుందరం దాన్ని వదిలేలా లేరు. కలెక్టరుకు మళ్లీ రాస్తానంటున్నారు.

ఆ రోజు తర్వాత వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడింది ఇవాళే. అంతవరకు వకీలు గారు కలవవద్దన్నారు. కోర్టు మెట్ల మీద సుందరం గబగబా దగ్గరికి వెళ్లారు. ఏం చెప్పాలో నాలుగు రోజులుగా నా ముందు అనుకుంటూనే ఉన్నారు. తీరా ఎదురయ్యాక మీ అన్నే ముందు మాట్లాడాడు.

"బువ్వ తినిండావా సార్?"

"ల్యాదు" అన్నారు ఈయన. "నువ్వు?"

"నేనూ తిన్లా."

అంతే. ఇద్దరూ కలిసి నడిచారు. నేను వెనక నడిచాను. రాగి సంగటి చేసి, చెనిగ్గింజల ఊరుబిండి నూరి పెట్టాను. మీ అన్నకు సిమెంటు ఫ్యాక్టరీలో లారీ ఇప్పిస్తానని ఫకీర్ సాహెబ్ మాట ఇచ్చాడట. వదినను, పిల్లలను ఎర్రగుంట్లకు తెచ్చుకుంటాడట. మీ అమ్మ బర్రెలతో సహా వస్తానన్నారట. తినేటప్పుడు అవే మాట్లాడుకున్నారు. ఎన్నికల ఊసే లేదు.

అన్నం తిన్నాక నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి నడవలో చాప మీద ఇద్దరూ పడి నిద్రపోతున్నారు. మీ అన్న చొక్కా కూడా విప్పలేదు. సుందరం కళ్లద్దాలు తీయలేదు. ఇద్దరి గురకా కలిసి ఇల్లు అదిరిపోతోంది. మధ్యాహ్నం బడికి వెళ్లాలి ఈయన. ఇందాక గంట కూడా వినపడింది.

లేపడానికి వెళ్లి, కళ్లద్దాలు మాత్రం తీసి పక్కన పెట్టి వచ్చాను. పడుకోనీ.

నీ
మేరీ